స్తంభం వెనక సీటు

నా రాతలో ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం తగ్గినా మన్నించండి. అక్షరాలు నాకు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. వచ్చాయన్న మాటే గానీ ఇంకా నాతో చనువుగా లేవు. ఒక వాక్యం రాయడానికి ఒక చొక్కా ఇస్త్రీ చేసేంత సేపు పడుతోంది. చదివేవాళ్లకి అంత సేపు పట్టదు కదా అని ధైర్యం చేస్తున్నాను.

నాది ఇస్త్రీ కొట్టు. దాన్ని ఆనుకుని సెలూన్ ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకలు. అవతల కత్తెర ఆడితే ఇవతలికి వినిపిస్తుంది. ఇవతల నేను బట్టల మీద నీళ్లు చల్లితే అవతల నుంచి సెలూనాయన, "అక్కా, చినుకులు మొదలయ్యాయా?" అని అడుగుతాడు. ఏళ్ల తరబడి రోజూ అదే మాట. నేనూ రోజూ నవ్వుతాను. లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

ఆ సెలూన్లో ఉదయం పూట ఫుట్‌బాల్ సభ జరుగుతుంది. సభ్యులు నలుగురు. సెలూనాయన ఒకడు. సిటీ బస్సు నడిపే మా మరిది ఒకడు. తాళాలు బాగుచేసే బాబాయ్ ఇంకొకరు, ఆయనే అందరిలోకీ పెద్ద. నాలుగో మనిషి మా ఆయన. ఇళ్లకి సైకిలు మీద బట్టలు చేరవేసే పని ఆయనది. తిరిగి వస్తూ సెలూన్లో ఆగితే ఇక బట్టల సంగతి గుర్తుండేది కాదు.

ఆటలు జరిగే నెలల్లో ఆట గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆటలు లేని వేసవిలోనే అసలు గోల. ఏ క్లబ్బు ఎవరిని తీసుకుంటుంది, ఎవరిని వదులుకుంటుంది, ఎవరి మోకాలు బాగుంది, ఎవరి భార్యకి ఏ ఊరు నచ్చలేదు, అన్నీ వీళ్లకే తెలుసు. పలకల ఇవతల ఉండి నాకూ తెలుసు. ఒక్క ఆట కూడా చూడకుండానే మా జట్టులో ఎవరు ఎడమకాలితో కొడతారో, ఎవరు బంతి వదలకుండా చంపుకు తింటారో చెప్పగలిగేదాన్ని.

వాళ్లకి ఒక పద్ధతి ఉంది. వేసవిలో ప్రతి ఒక్కరూ మిగిలినవాళ్ల ముందు ఒక్క జోస్యం చెప్పాలి. కొత్తగా ఫలానావాడు వస్తాడనో, ఫలానావాడు పోతాడనో. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు. అందరికన్నా పెద్ద తప్పు చెప్పినవాడు ఆ సీజనంతా స్తంభం వెనక కూర్చోవాలి. స్టేడియంలో పై గ్యాలరీలో పక్కపక్కన నాలుగు సీట్లు వాళ్లవి. మూడు సీట్లకి మైదానం మొత్తం కనిపిస్తుంది. నాలుగోదాని ముందు లావుపాటి స్తంభం. అక్కడ కూర్చుంటే ఒక గోల్ కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

తాళాల బాబాయ్ ఏటా ఒకటే జోస్యం చెబుతారు, "ఎవరూ రారు" అని. మా క్లబ్బు సంగతి తెలిసిన మనిషి. ఆయన స్తంభం వెనక ఒక్కసారీ కూర్చోలేదు. మా ఆయన అందుకు పూర్తిగా విరుద్ధం. ఏటా ఎవరో మహా ఆటగాడు మా జట్టులోకి వస్తున్నాడనేవారు. అందుకని ఆ సీటు దాదాపు ఆయన సొంతమైపోయింది. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి, సగం మైదానం చూసిన మనిషి నాకు పూర్తి ఆట చెప్పేవారు.

ఆయన పోయినేడు సీజను మధ్యలో పోయారు. బట్టల మూటల మీద ఎవరివి ఏవో గుర్తులు రాసేది ఆయనే. ఆ పని నా మీద పడేసరికి సాయంత్రపు బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. మిగతా రోజులు పనిలో గడిచిపోతాయి. ఆదివారం మధ్యాహ్నమే గడవదు. సెలూన్ మూసేస్తారు, ముగ్గురూ ఆటకి పోతారు, పలకల అవతల చప్పుడుండదు. సాయంత్రం ఆట చెప్పే మనిషి కూడా లేడు. వేసవి వచ్చేసరికి నా మనసులో ఒక కోరిక గట్టిపడింది. ఆ నాలుగో సీటు నాకు కావాలి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అరవయ్యేళ్ల మనిషిని, ఇప్పుడు ఫుట్‌బాల్‌కి పోతానంటే నవ్వరా?

ఈలోగా క్లబ్బువాళ్లు కబురు పెట్టారు. వరుసకి నలుగురు మనుషులు ఉండాలి, సీజను మొదలయ్యేలోగా పాసు కోసం నాలుగో మనిషి ఫొటో ఇవ్వకపోతే వరుస విడగొట్టి ముగ్గురినీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోబెడతామని. దానితో సెలూన్లో ఆటగాళ్ల ఎంపిక ఆగిపోయి మనుషుల ఎంపిక మొదలైంది.

"మా బావమరిదిని తీసుకుందాం," అన్నాడు సెలూనాయన.

"అతనా?" అన్నాడు మా మరిది. "ఒకసారి తీసుకొచ్చావుగా. సరిగ్గా గోల్ పడే టైముకి చెప్పు జారిపోయిందని సీటు కిందకి దూరాడు."

"అది మొదటి ఆట. కుర్రాడు కుదురుకోవాలిగా."

"నలభై దాటినవాడు కుర్రాడేమిటి? ఆ వయసువాణ్ని ఏ క్లబ్బూ తీసుకోదు. ఎక్కడా చోటు లేనివాళ్లనే మన దగ్గరికి తోలుతారు."

"మా కింద వాటాలో ఉండే అతను ఉన్నాడు," అన్నారు బాబాయ్. "మంచి గొంతు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు."

"ఏ జట్టు అతనిది?"

బాబాయ్ దగ్గారు. "అదొక్కటే. అవతలి ఒడ్డు జట్టు."

కత్తెర ఆగిపోయింది. మా ఊరికి నది అవతల ఉన్న జట్టంటే వీళ్లకి పీడకలలో వచ్చే జట్టు. "బాబాయ్," అన్నాడు సెలూనాయన, "ఒకే కప్పు కింద ఉంటూ మీకు నిద్రెలా పడుతోంది?"

"మంచివాడేరా. నీళ్ల మోటారు అతనే బాగుచేస్తాడు."

"మోటారు బాగుచేసినంత మాత్రాన మన వరుసలో కూర్చోబెడతామా?"

మరిది వాళ్ల డిపోలో కండక్టరు పేరు కూడా వచ్చింది. అతనికి ఆటంతా ఈల వేసే అలవాటు ఉందట. "రిఫరీ ఊదాడో ఇతను ఊదాడో తెలియక మనవాళ్లు ఆడటం మానేస్తారు," అన్నాడు సెలూనాయన. వచ్చిన పేరుకల్లా ఒక వంక. ఎక్కువ వంకలు మా మరిదివే. నేను ఇవతల కాలర్లు ఇస్త్రీ చేస్తూ అన్నీ విన్నాను. నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. వస్తుందని నేనెందుకు అనుకున్నానో నాకే తెలియదు.

ఇక జట్టు సంగతి. మా ఫార్వర్డును అప్పటికే ఎవరో ఎత్తుకుపోయారు. అది ఎలాగో దిగమింగారు. దిగమింగలేనిది గోల్‌కీపర్ సంగతి. అతన్ని అందరూ గద్ద అంటారు. పదేళ్లుగా మా గోల్ ముందు నిలబడ్డవాడు. అతను అవతలి ఒడ్డుకి పోతాడని పుకారు. సెలూన్లో ఆ పేరెత్తడం మానేశారు. ఇంట్లో జబ్బుపడ్డ మనిషి గురించి గొంతు తగ్గించినట్టు, "మనవాడి గురించి ఏమైనా తెలిసిందా?" అని మాత్రం ఒకరినొకరు అడిగేవాళ్లు.

ఇస్త్రీ చేసిన బట్టలు నేను పాత పేపర్లలో చుట్టి ఇస్తాను. చుట్టే ముందు పెద్ద అక్షరాలన్నీ కూడబలుక్కుని చదవడం నాకు సాధన. ఒక ఉదయం మందుల షాపాయన ప్యాంట్లు చుడుతుంటే, రెక్కల్లా చేతులు చాపిన గద్ద ఫొటో కనిపించింది. పైన శీర్షిక. నెమ్మదిగా చదివాను. మళ్లీ చదివాను. పలకల దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పాను.

"ఇదిగో, గద్ద గూడు మారదట. పేపర్లో వేశారు."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఏదీ, మళ్లీ చదువు వదినా," అన్నాడు మరిది.

"గద్ద... గూడు... మారదు. కింద ఇంకా ఉంది. మరో... మూ... మూడేళ్లు... మన... గోల్... ముందే."

ఇక వాళ్ల సంబరం చెప్పలేను. మరిది బాబాయ్‌ని కౌగిలించుకున్నాడని తరవాత తెలిసింది. సెలూనాయన ఒకాయనకి సగం గడ్డం గీసి, మిగతా సగం నురగతో వదిలేసి బయటికి పరుగెత్తుకొచ్చి పక్కన పూల కొట్టామెకీ, ఎదురుగా రేడియోలు బాగుచేసే ఆయనకీ కూడా చెప్పాడు. నాకు గర్వం వచ్చింది. అక్షరాలు నేర్చుకున్నందుకు మొదటిసారి నా వల్ల నలుగురికి ఒక మంచి కబురు అందింది కదా అనుకున్నాను.

బాబాయ్ నిదానంగా నా కొట్టుకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, "ఏదమ్మాయ్, ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నారు. ప్యాంట్ల మీద నుంచి విప్పి ఇచ్చాను. ముందు ఫొటో చూశారు. తరవాత కాగితం మూల చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"అమ్మాయ్, ఇది మూడేళ్ల కిందటిది."

నేను పెద్ద అక్షరాలే చదువుతాను. తేదీ చీమ తలకాయంత ఉంటుంది. పూర్తిగా పప్పులో కాలేశాను. అప్పటికి గుమ్మం ముందు ఆరుగురు పోగయ్యారు. సగం గడ్డం మనిషి తువ్వాలుతో లోపలి నుంచి వచ్చి, "మిగతాది ఇవాళ గీస్తారా, లేక ఇంకో మూడేళ్లు ఆగమంటారా?" అని అడిగాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "పాతదైతే పాతది. నేనంటున్నాను, అతను ఎక్కడికీ పోడు," అన్నాను.

"విన్నారా, వదిన జోస్యం చెప్పింది," అన్నాడు మరిది.

"విన్నాను," అన్నారు బాబాయ్.

"అన్నయ్య పోలికే," అన్నాడు మరిది మళ్లీ. ఆ మాట అన్నాక వెంటనే డ్యూటీ టైమైందని వెళ్లిపోయాడు.

ఆ తరవాత కొన్నాళ్లు నన్ను బతకనివ్వలేదు. "అక్కా, రేపు ఎండ ఎలా ఉంటుందో నీ కాగితంలో చూసి చెప్పు." "వదినా, నా పెళ్లి కుదురుతుందేమో చూడు, ఇప్పటికే ముగ్గురు పిల్లలనుకో." ప్యాంట్లు తీసుకోవడానికి వచ్చిన మందుల షాపాయన కూడా, "కాస్త తాజా వార్తల్లో చుట్టండమ్మా," అన్నాడు. నేను ఇస్త్రీ పెట్టె కొంచెం గట్టిగా పెట్టేదాన్ని.

వేసవి చివర్లో గద్ద వెళ్లిపోయాడు. అవతలి ఒడ్డుకే. మెడలో వాళ్ల రంగుల కండువాతో నవ్వుతున్న ఫొటో సెలూనాయన ఫోన్లోకి వచ్చింది. ఆ ఉదయం పలకల అవతల మాటే లేదు. ఎవరో గడ్డం చేయించుకోవడానికి వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

"కొత్తగా ఎవరు వస్తారో," అన్నాడు సెలూనాయన చాలాసేపటికి.

"ఎవరూ రారు," అన్నారు బాబాయ్.

"రెండో కీపర్ ఉన్నాడుగా," అన్నాడు మరిది. "కుర్రాడు బాగానే ఎగురుతాడట."

"ఎగరడం సరే, బంతి వచ్చినప్పుడు ఎగురుతాడా?"

వాళ్లకి ఆశ అలాగే పుడుతుంది. పది నిమిషాల్లో ఆ కుర్రాడు గద్దని మించినవాడైపోయాడు. మధ్యాహ్నానికి కప్పు కూడా గెలిచేలా ఉన్నారు. ఇంతలో సెలూనాయన అసలు మాట తీశాడు. క్లబ్బు గడువు ఆ మర్నాటితో తీరిపోతుంది, నాలుగో మనిషి తేలలేదు. "ఈలలైతే ఈలలు. కండక్టరు ఫొటో తెప్పించెయ్," అన్నాడు. మరిది, "సరేలే, ఫోన్ చేస్తాను," అన్నాడు.

నేను ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసేశాను. కొట్టు బయటికి వచ్చి, చుట్టూ తిరిగి సెలూన్ గుమ్మంలో నిలబడ్డాను. రావద్దని నన్ను ఎవరూ అనలేదు గానీ, ఇన్నేళ్లలో అక్కడ నాకు పనేమీ పడలేదు. వాళ్ల గొంతులే తెలుసు నాకు. మాట్లాడేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారో అప్పుడే చూశాను. కిటికీ పక్క బల్ల మీద బాబాయ్, గడ్డం గీసే ఖాళీ కుర్చీలో మరిది. బల్ల మీద ఇంకొకరికి చోటు ఉంది.

"ఏం వదినా, కరెంటు పోయిందా?" అన్నాడు మరిది.

"లేదు. ఒక మాట అడగాలి. ఈ ఏడు జోస్యంలో అందరికన్నా పెద్ద తప్పు ఎవరిది?"

మరిది నవ్వాడు. "అడగాలా? నీదే."

"బాబాయ్, మీరేమంటారు?"

"నీదేనమ్మాయ్. అంత తప్పు మీ ఆయన కూడా చెప్పలేదు."

"తమ్ముడూ?"

సెలూనాయన కత్తెర తుడుస్తూ, "నిన్ను నొప్పించాలని కాదక్కా. కానీ నీదే," అన్నాడు.

"అయితే స్తంభం వెనక సీటు నాది. నా సీటు నాకివ్వండి."

వాళ్లకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నేను చేతులు కొంగులో దాచుకున్నాను.

"వదినా, అది నాలుగు అంతస్తుల ఎత్తు," అన్నాడు మరిది.

"నేను రోజూ ఎత్తే మూటల బరువెంతో ఎప్పుడైనా చూశావా?"

"వాన పడితే తడుస్తావు. పైన రేకు లేదు."

"తడిస్తే ఆరేసుకుని ఇస్త్రీ చేసుకుంటాను. ఆ పని నాకు తెలుసు."

"అది కాదు వదినా. అక్కడ జనం నోటికొచ్చినట్టు తిడతారు. నువ్వు వినలేవు."

"ఇన్నేళ్లుగా ఈ పలకల్లోంచి నేను పాటలు వింటున్నాననుకున్నావా?"

సెలూనాయన అద్దం వైపు తిరిగిపోయాడు. అద్దంలో అతని మొహం ఎర్రబడటం కనిపించింది. బాబాయ్ మాత్రం భుజాలు కదిలేలా నవ్వారు. "జోస్యం అందరి ముందూ చెప్పింది. తప్పింది. ఓడినవాళ్లకి ఆ సీటు ఇవ్వకపోతే ఇక మన పద్ధతికి అర్థమేముంది?" అన్నారు.

మరిది కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. "అన్నయ్య సీట్లో ఇంకొకర్ని చూడలేకే అందరికీ వంకలు పెట్టాను," అన్నాడు నేల వైపు చూస్తూ. "బావమరిది చెప్పు, కండక్టర్ ఈల, అన్నీ అందుకే."

"నేను ఇంకొకరినా?"

అతను తల ఎత్తి, "ఫొటో ఉందా? సాయంత్రపు బడికి తీయించుకున్నది?" అన్నాడు.

"ఉంది. అందులో కొంచెం కోపంగా ఉన్నాను."

"పరవాలేదు. కొత్త ఆటగాళ్ల ఫొటోలన్నీ అలాగే ఉంటాయి."

మొదటి ఆట అవతలి ఒడ్డు జట్టుతోనే పడింది. మెట్లు ఎక్కుతుంటే ప్రతి మలుపు దగ్గరా మరిది ఆగి బూటు సర్దుకునేవాడు. "నీ బూట్లకి తాళ్లే లేవు కదరా," అన్నాను మూడో మలుపులో. "అందుకే ఇంత సేపు పడుతోంది," అన్నాడు.

మైదానం నేననుకున్న దానికన్నా చాలా పచ్చగా, చాలా పెద్దగా ఉంది. మనుషులు మాత్రం చిన్నగా ఉన్నారు. ఇన్నేళ్లుగా పేర్లూ, మోకాళ్లూ, పెళ్లాల అలకలూ తెలిసినవాళ్లలో ఒక్కణ్నీ గుర్తుపట్టలేకపోయాను. "ఆ బట్టతల ఎవరు?" అని అడిగితే, "రిఫరీ అక్కా," అన్నాడు సెలూనాయన. స్తంభానికి ఒక పక్కన, కూర్చున్న మనిషి తల ఎత్తులో, నూనె మరక ఉంది. పక్కకి వాలి అవతలి గోల్ చూడాలని చూసి చూసి పెట్టిన మరక. మా ఇంట్లో ఆయన దిండు గలీబుల మీద ఎంత ఉతికినా పోనిది అదే మరక. నేను ఎవరికీ చూపించలేదు. అటు వాలి చూస్తే నిజంగానే ఏమీ కనిపించదు. ఆయన ఇంటికొచ్చి చెప్పిన గోల్స్‌లో సగం కల్పించినవేనని నాకు అప్పుడు తెలిసింది.

రెండో సగంలో గద్ద మా వైపు గోల్‌కి వచ్చాడు. అతన్నొక్కణ్నే గుర్తుపట్టాను, చేతుల వల్ల. మాకు పెనాల్టీ వచ్చింది. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. మావాడు కొట్టాడు. గద్ద పక్కకి ఎగిరి, ఉన్నవాడున్నట్టు గాల్లోనే పొడుగై, బంతిని పట్టేశాడు. నాలుగు అంతస్తులూ ఉసూరుమన్నాయి. ఆ నిశ్శబ్దంలో నేనొక్కదాన్నే చప్పట్లు కొడుతున్నాను.

ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. "వదినా," అన్నాడు మరిది పళ్లు బిగించి, "అతను ఇప్పుడు వాళ్లవాడు."

"తెలుసు. కానీ బాగా పట్టుకున్నాడుగా."

"పట్టుకుంటే? పట్టుకుంటే చప్పట్లు కొడతారా?"

"మా అక్కండీ," అని సెలూనాయన ముందు వరుసవాళ్లకి చెబుతున్నాడు. "ఈ ఏడే తీసుకున్నాం. ఇంకా జట్టుతో కుదురుకోలేదు."

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన మెల్లగా ఇంకో చప్పుడు వినిపించింది. బాబాయ్, కోటు కింద చేతులు దాచుకుని, ఎవరికీ కనిపించకుండా చప్పట్లు కొడుతున్నారు.

ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. ఆ గోల్ నాకు కనిపించని వైపు పడింది. దాన్ని ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. కిందికి దిగేటప్పుడు, ఆ కుర్ర కీపర్ పనికిరాడని మరిదీ, రెండు ఆటలు చూడాలని సెలూనాయనా, చలికాలం మధ్యలో క్లబ్బు ఇంకొకర్ని కొంటుందేమోనని ఇద్దరూ కలిసీ వాదించుకున్నారు. "ఎవరూ రారు," అన్నారు బాబాయ్. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ చప్పట్లకి నన్ను ఇక పిలవరేమోనని లోపల బెంగగా ఉంది. మా వీధి మలుపు దాకా బెంగగానే ఉంది.

మలుపులో మరిది ఆగాడు. "వచ్చే ఆదివారం పొరుగూరి ఆట కాదు, ఇక్కడే," అన్నాడు. "రెండింటికల్లా కొట్టు కట్టెయ్. చప్పట్ల సంగతి దారిలో తేల్చుకుందాం."

"తేల్చుకుందాం," అన్నాను.

ఇట్లు, వీధిలో అందరూ ఇస్త్రీ అక్క అని పిలిచే నేను. వయసు అరవై. ఉండేది కొట్టు వెనక గదిలో. బట్టలు ఇవ్వడానికి వచ్చేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం రావద్దని మనవి.